గట్టుమీద దుప్పటి

మా కారు ముందు అద్దానికి ఒక నక్క తోక ముక్క వేలాడుతూ ఉంటుంది. బొటనవేలి కంటే కాస్త పొడవు, ఇటుక రంగు, కొసన తెలుపు. మొదటిసారి దాన్ని చూసినప్పుడు మా సంఘపెద్ద అయ్యగారు మొహం చిట్లించారు.

"ఇదేంటి సిస్టర్, దిష్టికా?"

తుని దగ్గర చిన్న సంఘానికి కాపరిగా జీవితమంతా గడిపిన మనిషి కూతుర్ని నేను. దుబాయ్ వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడి తెలుగు సహవాసంలో పిల్లలకు వాక్యం చెబుతున్నాను. అలాంటిదాన్ని తాయెత్తు కట్టుకున్నానేమోనని ఆయన బెంగ.

"కాదయ్యగారూ, అడ్రసు" అన్నాను.

నిజంగానే అది అడ్రసు. మేముండేది అల్ కుసైస్‌లో. శుక్రవారం పొద్దున్నే నైఫ్ బజారుకు వెళ్ళి, బస్సుస్టాపు దగ్గర ఒకాయన్ని ఎక్కించుకుని, షార్జాలో ఆరాధనకు వెళ్ళేవాళ్ళం. అక్కడ ఆగే కార్లన్నీ తెల్లవే. ఆయన ఒకసారి ఎవరో పెషావరు కుటుంబం కారు తలుపు తీసి వెనక సీట్లో కూర్చుని, "ప్రైజ్ ద లార్డ్" అని పలకరించాడు. వాళ్ళూ మర్యాదస్తులు, "వాలేకుం సలాం" అన్నారట. మరుసటి వారం జేబులోంచి ఈ తోక తీసి మా అద్దానికి కట్టాడు.

"ఇగ తప్పిపోను చెల్లె. అడవిల ముందట పోయినోడు చెట్టుకు గాటు పెట్టిపోతడు. ఎనుకొచ్చేటోడు గాటు చూసుకుంట వస్తడు. నాకు మీ కారే చెట్టు."

ఆయన పోయాడన్న కబురు మొన్న శుక్రవారం వచ్చింది. ఆ రోజు కారులో తోక ఊగుతుంటే, నైఫ్ వైపు తిప్పాల్సిన చోట మావారు కారు కొంచెం నెమ్మది చేశారు. ఆయన ఎక్కడం మానేసి మూడేళ్ళు దాటింది. అయినా నెమ్మది చేశారు.

ఆయన పేరు రాయను. పేరుతో ఎవరూ పిలవలేదు కూడా. పిల్లలకు కోటు తాత, అయ్యగారికి బ్రదర్, ఆయనతో ఒకే గదిలో ఉండే జగిత్యాల వాళ్ళకు కాకా, నాకు అన్నయ్య.

కోటు తాత అని ఎందుకంటే, పనిచేసేది ఫర్ కోట్ల షాపులో. ఎడారిలో బొచ్చు కోట్లేమిటని మా అత్తగారు చుట్టపుచూపుగా వచ్చినప్పుడు తెగ నవ్వింది. కానీ ఆ రోజుల్లో నైఫ్ చుట్టుపక్కల వీధుల నిండా అవే షాపులు. రష్యా వాళ్ళు విమానాలు దిగి, చెమటలు కక్కుతూ వచ్చి, వాళ్ళ ఊరి మంచుకు కావలసిన కోట్లు ఇక్కడ కొనుక్కుని వెళ్ళేవారు. ఈ షాపు యజమాని గ్రీసు దేశపు ముసలాయన. తాతల నాటి నుంచీ తోళ్ళు కుట్టే కుటుంబం. అరబ్బీలో మేనేజరని, అందరూ ముదీర్ అనేవారు. అన్నయ్య మంచిర్యాల దిక్కున గోదావరి ఒడ్డు పల్లె నుంచి దర్జీగా వచ్చి, ముదీర్ చేతికింద తోలుపని నేర్చాడు.

షాపు వెనక చల్లగది ఒకటి ఉండేది. కోట్లు ఎండకు పాడవకుండా అందులో వేలాడదీస్తారు. అన్నయ్య పని సగం ఆ గదిలోనే. బయట జూలై ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, ఈయన స్వెట్టరు, మంకీ టోపీతో బయటికొచ్చి చాయ్ తాగేవాడు.

"కాకా, కశ్మీర్‌ల వానలెట్లున్నయ్?" అని వీధిలో మనవాళ్ళు అడిగేవారు.

"మంచు పడుతుంది బిడ్డా. నీకో ముద్ద పంపనా?"

దుబాయ్ వచ్చి చలికి మోకాళ్ళు పట్టేసిన మనిషి నాకు తెలిసి ఈయనొక్కడే. ఉబ్బసం కూడా ఆ గదిలోనే పట్టుకుంది.

తోలు మంచిదో కాదో తెలియాలంటే దానిమీద ఊదాలి. పై వెంట్రుకలు విడిపోయి అడుగున మెత్తటి ఉన్ని బయటపడుతుంది. అది దట్టంగా ఉంటేనే తోలుకు విలువ. ఈ ఊదే అలవాటు ఆయనకు ఎక్కడికెళ్ళినా పోలేదు. చాయ్ మీద అందరం ఊదుతాం, ఆయన బిస్కెట్టు మీద కూడా ఊదేవాడు. పాటల పుస్తకం తెరిచి పేజీ మీద ఊదేవాడు. మా అమ్మాయి తలమీద ఊది, "పైన ఎండింది గని అడుగు మంచిగుంది, ఇంత నూనె పెట్టు చెల్లె" అనేవాడు. మా సహవాసంలో అస్తమానం చిరాకుపడే ఒకాయన గురించి నలుగురం చేరి మాట్లాడుకుంటుంటే, పక్కనుంచి, "ఎవలన్న ఊది చూసిన్రా ఆయన్ని?" అన్నాడు.

కానీ ఆయన్ని తలచుకోగానే నాకు మొదట కనబడేది ఆ నిలబడే తీరు. ఫర్ షాపులో కోటు చేతికివ్వరు. కొనేవాళ్ళ వెనక నిలబడి, కోటు భుజాలు రెండు చేతులా పట్టుకుని తెరిచి ఉంచాలి. వాళ్ళు వెనక్కి చూడకుండానే చేతులు చాస్తారు, కోటు వచ్చి ఒంటిమీద కూర్చుంటుంది. కొంచెం ముందుకు వంగి, మోచేతులు దూరంగా పెట్టి, ఎదుటి మనిషి ఎత్తును బట్టి చేతులు ఎత్తుతూ దించుతూ అలా నిలబడేవాడు. ఆరాధనకు ముందు హాల్లో ఏసీ చలి పెరుగుతుంటే పిల్లల స్వెట్టర్లు తీసి అలాగే పట్టుకునేవాడు. వరసగా వచ్చి దూరిపోయేవారు. ఒకసారి అయ్యగారి సూటు కోటు కూడా పట్టుకున్నాడు. ఆయన సిగ్గుపడి, "ఎందుకు బ్రదర్, నేను వేసుకుంటాను" అంటే, "మీరు ఏసుకుంటరు అయ్యగారూ. కని ఒకలు తొడిగితె ఎచ్చగుంటది" అన్నాడు.

ఆయన మా మధ్యకు వచ్చింది కూడా అనుకోకుండానే. షార్జాలో ఆ ఆవరణలో చాలా సంఘాలకు హాళ్ళున్నాయి. ఒకసారి ముదీర్‌కు తోడుగా గ్రీకు వాళ్ళ ఆరాధనకు వచ్చి, బయట నిలబడి ఉండగా మా హాల్లోంచి తెలుగు పాట వినిపించిందట. "పాట ఇన్న, వచ్చి కూసున్న, ఇగ లేవలే" అనేవాడు. విశ్వాసంలోకి ఎలా వచ్చావో చెప్పమంటే అదే ఆయన సాక్ష్యం. అంతకంటే పొడుగు సాక్ష్యం ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

పిల్లలకు ఏదెను తోట పాఠం చెబుతున్న రోజు వచ్చి వెనక కూర్చున్నాడు. తోటలోంచి వెళ్ళగొట్టే ముందు దేవుడు ఆ ఇద్దరికీ చర్మపు చొక్కాలు చేయించి తొడిగించాడని చెప్పాను. పాఠం అయ్యాక దగ్గరకొచ్చాడు.

"ఆ తోళ్లు ఏ జంతువుయో రాసిందా చెల్లె?"

"రాయలేదన్నయ్యా."

"రాయకపోవుడే మంచిగైంది. రాసుంటే మా ముదీరు ఆ తోలుకు రేటు పెంచుతుండె." నవ్వి, మళ్ళీ అందుకున్నాడు. "చేయించుడు ఒక్కటే కాదు, తొడిగించిండట. గది చూడు. తప్పు చేసి పోతున్నోళ్లకు ఇంత చేసిండు. ఎనుక నిలవడి, చేతులు సాపి పట్టుకొని ఉంటడు."

మా నాన్నగారు ఆ వచనం మీద ఎన్నోసార్లు ప్రసంగించారు. పాపం గురించి, బలి గురించి చెప్పారు. అది సత్యమే. కానీ దేవుడు చొక్కా భుజాలు పట్టుకుని వాళ్ళ వెనక నిలబడి ఉండటం నేను చూసింది ఆ రోజే.

ఇక అమెరికా సంగతి.

ముదీర్ బల్ల వెనక గోడకు పాత పటం ఒకటి ఉండేది. మంచు కొండలు, వాటి నడుమ నది. ఒక మనిషి నడుములోతు నీళ్ళలో వంగి ఏదో వెతుకుతుంటాడు. ఇంకొకడు గట్టుమీద రెండు చేతులా తోలు దుప్పటి చాచి పట్టుకుని నిలబడి ఉంటాడు. అమెరికాలో పడమటి కొండల్లోకి బీవర్ అనే జంతువును పట్టడానికి వెళ్ళిన మనుషులట వాళ్ళు. దాని ఉన్నితో టోపీలు చేసేవారు. ఆ టోపీ లేకపోతే దొరలకు వీధిలోకి రావడం నామోషీ. ముదీర్ తన తాతల దగ్గర విన్న కబుర్లు చెబుతూ ఉంటే, అన్నయ్య వాటికి మంచిర్యాల అడవినీ నిర్మల్ ఘాటునూ కలిపి పిల్లలకు చెప్పేవాడు.

"బీవర్ అంటే మన నీటికుక్క లెక్కుంటది. పండ్లు ఎలుకయి, తోక తెడ్డు. చెట్లు కొరికి నదికి కట్ట కడుతది. మన ఇంజినీర్లకన్న నయం, కమీషన్ తినది."

"చేపలు తింటుందా తాతా?"

"తినకేం చేస్తది, నీళ్లల్ల ఉండి?"

మా అమ్మాయి మరుసటి వారం నెట్‌లో చూసుకుని వచ్చి, బీవర్ చేపలు తినదు, చెట్ల బెరడు తింటుందని చెప్పింది. అన్నయ్య ఏమాత్రం తడుముకోలేదు. "అట్లనా. అయితే శుక్రవారం మనమే తిందాం చేపలు" అన్నాడు.

ఆ కొండల వేటగాళ్ళ కథలు చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. ఇల్లు విడిచిపోయిన మనుషులు. చలికాలమంతా కొండల్లో గుడారం వేసుకుని ఉంటారు. ఏడాదికి ఒకసారి వేసవిలో అందరూ ఒక లోయలో కలుస్తారు. పోయినోళ్ళెవరో, ఉన్నోళ్ళెవరో ఆ రోజే తెలుస్తుంది. "మన శుక్రవారం లెక్క" అనేవాడు. వాళ్ళను కొత్త దేశం కనిపెట్టినవాళ్ళని ముదీర్ అంటే మాత్రం అన్నయ్య ఒప్పుకునేవాడు కాదు. "ఏం కనిపెట్టిన్రు? ఆడ మనుషులు ఎప్పటిసందో ఉన్నరు. వాళ్ళనడిగే గీళ్లు దారి తెలుసుకున్నరు. పెండ్లాలు గూడ ఆ జాగోళ్ళే. దారి చూపెట్టినోని పేరు ఎవడు రాస్తడు?"

అన్నిటికంటే ఇష్టంగా చెప్పేది జోడీల గురించి. వాళ్ళు ఎప్పుడూ ఇద్దరిద్దరుగా పోతారట. బీవర్‌కు మనిషి వాసన తగిలితే ఉచ్చు దగ్గరకు రాదు. అందుకని గట్టుమీద కాలు పెట్టకుండా, ఐసు లాంటి నీళ్ళలోనే నడిచి ఉచ్చు పెట్టాలి. ఒకడు నీళ్ళలో దిగితే ఇంకొకడు గట్టుమీద దుప్పటి పట్టుకుని ఉండాలి. తడిసి బయటికొచ్చిన వాడికి క్షణం ఆలస్యం లేకుండా కప్పాలి.

"బొచ్చు లోపటికి పెట్టి కప్పుతరు. మా గిరాకులు బయటికి పెట్టుకుంటరు. బయటికుంటె చూసేటోనికి, లోపటికుంటె కప్పుకున్నోనికి."

ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తే అందరూ ఆయన వైపు చూసేవారు. ఆయన లేచి ఒక వచనం చెప్పి, వెంటనే కొండల్లోకి వెళ్ళిపోయేవాడు.

"ఈ వారం కూడా అమెరికాయేనా బ్రదర్?" అనేవారు అయ్యగారు గడియారం చూస్తూ.

"అమెరికాల బయల్దేరుత అయ్యగారూ. యెరూషలేముల దిగుత."

దిగేవాడు కూడా. కొంచెం ఆలస్యంగా.

వదిన ఊళ్ళోనే ఉండేది. ఆమెతో నా పరిచయమంతా కారులోనే. శుక్రవారం పొద్దున ఆ సమయానికే ఫోన్ చేసేది. అన్నయ్య స్పీకర్‌లో పెట్టేవాడు.

"టీచరమ్మా, గా అమెరికా కథలు ఎట్ల ఇంటున్నరమ్మా మీరు? దుబాయ్ పోయిండా అమెరికా పోయిండా మా ఆయన?"

"బాగా చెబుతారు వదినా."

"బాగనే చెప్తడు. గిన్నేండ్లాయె, కథలే వచ్చినయ్ ఇంటికి."

ఈ కారు ప్రయాణాల్లోనే నాకు ఆమె సంగతి తెలిసింది. వాళ్ళ దిక్కున గోదావరిని గంగ అంటారు. ఆమె చిన్నప్పుడు, కళ్ళముందే తమ్ముడు గంగలో కొట్టుకుపోయాడు. అప్పటినుంచీ ఆమె గట్టు ఎక్కలేదు. ఊరు ఒడ్డునే ఉన్నా అటు వైపు నడవదు. బట్టలు కూడా బోరు దగ్గరే ఉతుక్కుంటుంది. అన్నయ్య విశ్వాసంలోకి వచ్చినప్పుడు ఆమె కాదనలేదు. ఊళ్ళో ప్రార్థనకు తనూ వెళ్ళి కూర్చునేది. కానీ నీళ్ళ మాట వస్తే లేచి వచ్చేసేది.

చిక్కంతా అక్కడే వచ్చింది. అన్నయ్య బాప్తిస్మం తీసుకోలేదు.

మా విశ్వాసంలో అది చిన్న సంగతి కాదు. ప్రభువు తానే నీళ్ళలో దిగాడు, మనల్నీ దిగమన్నాడు. నమ్మిన మనిషి, ఉబ్బసంతో రొప్పుతున్న మనిషి, ఏళ్ళ తరబడి నీళ్ళ ఒడ్డున ఆగిపోతే చూస్తూ ఊరుకోవడం ప్రేమ కాదు. అయ్యగారికి ఆయనంటే ప్రాణం. అందుకే వదలకుండా అడిగేవారు. ఒకసారి మాతోపాటు షాపుకు వచ్చి, ఆ చల్లగదిలో, వేలాడే కోట్ల మధ్య నిలబడి అడిగారు.

"బ్రదర్, నమ్మకం ఉంది. హాలు వెనక తొట్టి ఉంది, నీళ్ళున్నాయి. ఇంకేం అడ్డం?"

అన్నయ్య చేతిలో పని ఆపలేదు. ముక్కలను పోగు చేస్తున్నాడు. కోట్లు కత్తిరించగా మిగిలిన తోకలు, చెవులు, పాదాల తోళ్ళు. వాటిని వెంట్రుక వాలు చూసి, రంగు చూసి పక్కపక్కన పేర్చి, ఒక్క తోలులా కనబడేట్టు కుట్టడం ముదీర్ వాళ్ళ ఊరి విద్య. ముక్కలు ముదీర్ ఆయనకే వదిలేసేవాడు. వాటితో వదినకు దుప్పటి కుడుతున్నాడని నాకు తెలుసు. ఆదిలాబాదు వైపు చలి మాటలు కాదు.

"నేను నీళ్లల్లకు దిగితె గట్టుమీద ఎవలుంటరు అయ్యగారూ?" అన్నాడు.

"మేమంతా ఉంటాం. టవలు నేనే పట్టుకుంటాను, ఏం?"

"మీరు మంచోళ్లు. కని నా జోడి మీరు కాదు." పటం వైపు గడ్డంతో చూపించాడు. "ఆమె గట్టుదాక రావాలె. నా ఎంబడి దిగమంటలేను. గట్టుమీద నిలవడితె సాలు. ఆమె రాకుంట నేనొక్కన్నే దాటిపోతె, గంగల ఆమెకు ఇంకొకలు పోయినట్టే అయితది."

చలికి అయ్యగారి పళ్ళు కొట్టుకుంటున్నాయి. అన్నయ్య అది చూసి, పక్కనున్న కోటు ఒకటి తీసి, భుజాలు పట్టుకుని ఆయన వెనక నిలబడ్డాడు. మా సంఘపెద్ద ఆ రోజు మింక్ బొచ్చు కోటులో కూర్చుని ప్రార్థన చేశారు. "ప్రభువా, ఆ సహోదరిని గట్టుదాకా నడిపించు" అని. అంతకు మించి ఏమీ అడగలేదు.

తిరిగి వస్తూ కారులో నేను మళ్ళీ అందుకున్నాను. "అన్నయ్యా, ప్రభువు రాకడ ఎప్పుడో తెలీదు. రేపు మనది కాదు."

"రేపు మనది కాదని నాకెరుకే చెల్లె. ఆమె మాత్రం నాదే గదా."

"వదిన ఎప్పటికీ రాకపోతే?"

"ఒడ్డు మీద ఆగినోన్ని దేవుడు ఎరగడా? దినమంతా ఎనుక నిలవడి ఎదురుచూసుడు ఆయన పనే గదా." అని, అద్దానికి ఊగుతున్న తోకమీద ఊది కళ్ళు మూసుకున్నాడు.

ఆ తర్వాత రష్యా రూబుల్ విలువ పడిపోయింది. వాళ్ళు రావడం తగ్గింది. ఒక్కొక్క షాపే మూతపడి, ఫర్ కోట్లున్న అద్దాల వెనక మొబైల్ కవర్లు వేలాడటం మొదలైంది. ఒక శుక్రవారం అన్నయ్య కారెక్కి, "ఫర్ ఖలాస్ చెల్లె" అన్నాడు, వాన తగ్గిందని చెప్పినట్టు. ముదీర్ వాళ్ళ దేశం వెళ్ళిపోతున్నాడు. వీసా కూడా ఆ షాపుదే.

"మరి నువ్వేం చేస్తావన్నయ్యా?"

"ఆళ్లకు గూడ గిట్లనే అయింది. బీవర్ టోపీ పోయి పట్టు టోపీ వచ్చింది. ఒక్కపారిగ గిరాకి పోయింది. కొండలల్ల ఉన్నోళ్లు ఏం చేసిన్రు? ఎనుకొచ్చే బండ్లోళ్లకు దారి చూపెట్టుకుంట బతికిన్రు."

"నువ్వెవరికి చూపిస్తావు?"

"ఒక్కామెకు. మా ఇంటికాడికెల్లి గంగ గట్టుదాక. శాన దూరం ఉంది."

సెలవు తీసుకున్న రోజు ముదీర్ ఆయనకు పటం ఇచ్చేశాడు. దుప్పటి అప్పటికి పూర్తయింది. నేను కళ్ళు మూసుకుని నిమిరాను. నక్క ఎక్కడ ఆగిందో, కుందేలు ఎక్కడ మొదలైందో తెలియలేదు. అన్నీ ఒకే వాలుకు పారుతున్నాయి. ఎయిర్‌పోర్టులో ఆయన లగేజీ అంతా ఆ దుప్పటీ, దాని మధ్య చుట్టిన పటమూ. మా అమ్మాయి ఏడుస్తుంటే దాని జాకెట్టు తీసి, భుజాలు పట్టుకుని వెనక నిలబడ్డాడు. అది చేతులు చాచింది. జిప్పు పైదాకా లాగి, "పైలం బిడ్డా" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఫోన్లే. నేను అడిగేది ఒక్కటే. "అయిందా అన్నయ్యా?"

"కాలే. మొన్న మామిడితోట దాక వచ్చింది."

ఇంకోసారి, "గట్టు కనపడేదాక వచ్చింది. కనపడంగనే మర్లిపోయింది. ఎమ్మటే ఇంటికి తోల్కొచ్చిన."

ఉబ్బసం ఎక్కువైంది. మాటకూ మాటకూ మధ్య గాలి వినిపించేది. చన్నీళ్ళ దగ్గరకు పోవద్దని కరీంనగర్ డాక్టరు గట్టిగా చెప్పాడట. అది విన్నాక మా సహవాసంలో అందరం ప్రతి శుక్రవారం మోకరించాం. పోయిన చలికాలంలో అడిగితే ఒక్కసారి నవ్వి, "చెప్త తీయ్ చెల్లె, చెప్త" అని మాట మార్చాడు. తర్వాత నెలల్లోనూ అదే నవ్వు, అదే మాట. నేనూ అడగడం మానేశాను.

మొన్న శుక్రవారం ఆరాధనకు తయారవుతుంటే ఆ నంబరు నుంచి ఫోన్. వదిన.

"టీచరమ్మా, మీ అన్న పోయిండు. సోమారం పొద్దుగాల. నిద్రల్నే పోయిండు, బాధ పడలే."

నా నోటిదాకా వచ్చిన ఒక్క ప్రశ్న భర్త పోయిన మనిషిని అడిగేది కాదు. దాన్ని మింగి, ఆదరణ మాటలు ఏవో మొదలుపెట్టాను.

"నువ్వడగవు గని నాకెరుక" అంది. "దిగిండు."

"ఎప్పుడు వదినా?"

"పోయిన చలికాలమే. నీకు చెప్తనని ఫోన్ పట్టుకుంటె నేనే ఆపిన. నాది గూడ అయినంక ఒక్కపారే చెప్పు అన్న. నా కోసం ఆగిండు, గప్పుడు గూడ."

ఆమె మెల్లగా చెప్పింది. పటం వాళ్ళింట్లో పొయ్యి ఎదురుగా ఉంటుంది. రోజూ అన్నం వండుతూ చూస్తుంది. ఆ రోజు ఈయన దగ్గి దగ్గి అలసిపోయి గోడకు ఒరిగాడట. ఆమె పటం చూసింది.

"గా నీళ్లల్లోడు అట్లనే ఉన్నడు. గట్టుమీదోడు చేతులు సాపుకొని అట్లనే ఉన్నడు. మా ఇంట్ల గట్టుమీద ఎవలు లేరు. లేచిన. దుప్పటి తీసిన. నడువు అన్న."

పాస్టరుగారిని పిలిపించింది. ఎండ బాగా ఎక్కేదాకా ఆగింది. గట్టు కనబడే చోట ఆమె ఆగిపోతే, ఈయన దుప్పటి కొస ఆమె చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని ముందు నడిచాడట. గట్టు ఎక్కాక ఆ కొస కూడా ఆమెకే ఇచ్చి నీళ్ళలో దిగాడు.

"నేను నీళ్ల దిక్కు చూడలే టీచరమ్మా. ఆయన్నే చూసిన. ముంచంగనే పాణం పోయినట్టైంది. లేచిండు. వచ్చి ఎనుకకు తిరిగి నిలవడ్డడు, గా షాపుల గిరాకి లెక్క. కప్పిన. గప్పుడు నవ్విండు సూడు." ముక్కు చీదుకుని మళ్ళీ అందుకుంది. "డాక్టరు చెప్పినట్టు ఏం కాలే. గా తర్వాత ఆరు నెలలు మంచిగ ఉన్నడు."

స్తోత్రం ప్రభువా అనుకున్నాను. ఎన్ని శుక్రవారాల ప్రార్థన అది. మింక్ కోటులో అయ్యగారు చేసిన ప్రార్థన కూడా గుర్తొచ్చింది.

"వానలు పోయి గంగ తగ్గినంక నేను దిగుదామనుకుంటున్న" అంది వదిన.

"భయం పోయిందా వదినా?"

"పోలే. గందుకే చేస్తున్న ఫోను. గట్టుమీద మనిషి కావాలె. ఆడిబిడ్డవు గదా, నువ్వు పట్టాలె దుప్పటి. వస్తవా?"

వస్తానన్నాను.

"బరువుంటది మల్ల. ఇప్పటిసందే చేతులు అలవాటు చేసుకో. బొచ్చు లోపటికి పెట్టాలె, ఎరుకేనా?"

"ఎరుకే వదినా."

ఫోన్ పెట్టేశాక మావారు బయట హారన్ కొడుతున్నారు. హాల్లో ఏసీ చలి ఎక్కువ. మా అమ్మాయి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. కుర్చీ మీద దాని స్వెట్టరు తీసి, భుజాలు రెండు చేతులా పట్టుకుని, మోచేతులు దూరంగా పెట్టి దాని వెనక నిలబడ్డాను. అది ఇప్పుడు నా అంత ఎత్తు. చేతులు కొంచెం పైకెత్తాల్సి వచ్చింది.

వెనక్కి తిరిగి చూడకుండానే అది చేతులు చాచింది.